ఆసుపత్రి బిల్లు: కృతజ్ఞత వేరు, లెక్క వేరు



మనం కిరాణా కొట్టు పద్దు నెలకొకసారి సరిచూసుకుంటాం. ధాన్యం అమ్మేటప్పుడు కాటా దగ్గర నిలబడి ఒక్కొక్క బస్తా తూకం రాసుకుంటాం. పెళ్లి వంటవాడికి ఇచ్చిన అడ్వాన్సు పదేళ్లు గడిచినా గుర్తుంచుకుంటాం. కాని వీటన్నిటికంటె పెద్ద మొత్తం ఒక్క పూటలో చెల్లించే చోట, అంటే ఆసుపత్రి బిల్లు కౌంటరు దగ్గర, "మొత్తం ఎంతయింది?" అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాం. చెప్పినంత కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, రోగిని ఆటో ఎక్కించుకుని ఇంటికి వస్తాం.

ఎందుకు ఇలా చేస్తాం? మూడు కారణాలు కనబడుతున్నాయి. మొదటిది తొందర. నాలుగు రాత్రులు నిద్రలేక, ఎప్పుడు ఇల్లు చేరుదామా అని ఉంటుంది. రెండవది భయం. బిల్లు ఇంగ్లీషులో ఉంటుంది, అందులో సగం మాటలు చదువుకున్నవారికీ తెలియవు. మూడవది, అన్నిటికంటె బలమైనది, మొహమాటం. "ప్రాణం నిలబెట్టిన డాక్టరుగారి దగ్గర రూపాయికీ అర్ధరూపాయికీ పేచీ పెట్టుకుంటామా?" అని మన మనసే మనల్ని ఆపుతుంది.

ఈ మూడవ కారణం గురించి కొంచెం ఆలోచించుదాం. వైద్యుడికి మనం రెండు విధాలుగా ఋణపడతాం. ఒకటి కృతజ్ఞత. దానికి కొలత లేదు, రసీదు లేదు, ఎన్నటికీ తీరదు, తీరనవసరం కూడా లేదు. రెండవది ధర. దానికి కొలత ఉంది, అంకె ఉంది, చెల్లించగానే తీరిపోతుంది. ఈ రెండింటినీ ఒకదానిలో ఒకటి కలిపితే రెండూ చెడతాయి. కృతజ్ఞత పేరుతో తప్పు లెక్కను ఒప్పుకుంటే అది కృతజ్ఞత కాదు, మొహమాటం మాత్రమే. లెక్కలో తేడా కనబడింది గనుక వైద్యుడి మేలును మరచిపోతే అది న్యాయం కాదు, కృతఘ్నత. డాక్టరుగారికి చేతులు జోడించి నమస్కరించిన మనిషే కౌంటరు దగ్గరికి వెళ్లి "ఈ వరుస ఏమిటండీ?" అని అడగవచ్చు. అందులో విరుద్ధమేమీ లేదు.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి చెబుతూ మార్కు సువార్తికుడు, ఆమె తనకున్నదంతా వైద్యానికే వ్యయం చేసిన సంగతిని కూడా మరువకుండా రాశాడు. రోగం ఒక బాధ, రోగం తెచ్చిన బీదరికం మరొక బాధ. కట్టనక్కరలేని డబ్బు కట్టి ఆ రెండవ బాధను మనమే పెంచుకోవలసిన పని లేదు.

తప్పులు ఎలా దొర్లుతాయి?

బిల్లులో తేడా కనబడగానే "దొంగలు" అనే మాట నోటికి వస్తుంది. ఆ మాట అనేముందు బిల్లు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. ఆసుపత్రిలో బిల్లు ఒకరు రాసేది కాదు. వార్డులో నర్సమ్మ మందుల చీటీ పంపుతుంది. మందుల షాపువారు దానిని కంప్యూటరులో ఎక్కిస్తారు. ల్యాబ్‌వారు పరీక్షలు ఎక్కిస్తారు. ఆపరేషన్ థియేటరువారు తాము వాడిన సామగ్రి ఎక్కిస్తారు. గది అద్దె రోజు మారగానే దానంతటదే పడుతుంది. ఈ నాలుగైదు చేతుల నుండి వచ్చిన వరుసలన్నీ చివరకు ఒకచోట కూడి బిల్లు అవుతాయి. డ్యూటీ మారే వేళ ఒక నర్సమ్మ పంపిన చీటీనే, అది వెళ్లిందో లేదో తెలియక, తరువాత వచ్చిన నర్సమ్మ మళ్లీ పంపవచ్చు. డాక్టరుగారు ఒక పరీక్ష రాసి, తరువాత వద్దన్నా, వద్దన్న మాట ల్యాబ్‌కు చేరకపోవచ్చు. వాడని ఇంజక్షన్లు షాపుకు తిరిగి ఇచ్చినా ఆ సొమ్ము బిల్లులో తగ్గకపోవచ్చు.

కాబట్టి చాలా తప్పులు అజాగ్రత్త వలన వచ్చేవే. తత్వశాస్త్రంలో ఒక సామాన్యమైన భేదం చెబుతారు: తెలియక జరిగిన తప్పు వేరు, తెలిసి చేసిన తప్పు వేరు. ఎదుటివాని మనసులో ఏముందో మనకు తెలియదు గనుక మొదటిదే అనుకుని మాట మొదలుపెట్టడం ధర్మం. అయితే చూపించిన తరువాత కూడా సరిదిద్దకపోతే ఇక అది తెలియక జరిగినది కాదు.

ఒక లెక్క చూద్దాం

విషయం స్పష్టంగా తెలియడానికి ఒక లెక్క వేసుకుందాం. ఇది ఏ ఆసుపత్రి బిల్లూ కాదు, పాఠం కోసం మనం కూర్చుకున్నది.

ఒక యువకునికి అపెండిక్స్ ఆపరేషన్. చేర్చేటప్పుడు ప్యాకేజీ 45,000 రూపాయలన్నారు. అందులో మూడు రోజుల గది, థియేటరు, సర్జన్, మత్తు డాక్టరు, నర్సింగు అన్నీ కలిసి ఉన్నాయి. మందులు, సామగ్రి, పరీక్షలు మాత్రం విడిగా. సోమవారం సాయంత్రం చేరి గురువారం ఉదయం డిశ్చార్జి. మొదటి రోజు 20,000, మరునాడు 5,000 అడ్వాన్సు కట్టారు. చివరకు వచ్చిన బిల్లు ఇది:

ప్యాకేజీ: 45,000
గది అద్దె, 4 రోజులకు రోజుకు 2,000 చొప్పున: 8,000
మందులు, సామగ్రి: 12,400
పరీక్షలు: 5,600
థియేటరు సామగ్రి: 4,000
మొత్తం: 75,000
అడ్వాన్సు: 20,000
కట్టవలసినది: 55,000

ఇప్పుడు ఒక్కొక్క వరుసను మన దగ్గరున్న కాగితాలతో పోల్చుదాం. మూడు రోజుల గది ప్యాకేజీలోనే ఉంది. కాబట్టి 6,000 రెండుసార్లు పడింది. నాలుగవ రోజు 2,000 సంగతి వేరు. మనం గడిపినవి మూడు రాత్రులే, కాని క్యాలెండరు ప్రకారం నాలుగు తేదీలు తగిలాయి. రోజును ఎలా లెక్కిస్తారో ఆసుపత్రి నియమం చూపమని అడగాలి. మందుల జాబితాలో తిరిగి ఇచ్చిన నాలుగు ఇంజక్షన్లు, ఒక్కొక్కటి 450 చొప్పున 1,800 రూపాయలవి, తగ్గించలేదు. మంగళవారం ఒకే రక్తపరీక్ష రెండుసార్లు పడింది, రిపోర్టు మాత్రం ఒకటే ఉంది. అది 600. కుట్లు వేసే దారం, చేతి తొడుగులు కలిపి 1,600 రూపాయలు మందుల షాపు జాబితాలోనూ ఉన్నాయి, థియేటరు జాబితాలోనూ ఉన్నాయి. ఇవన్నీ కూడితే 10,000. ఇక రెండవ అడ్వాన్సు 5,000 జమ కాలేదు.

అంటే అసలు బిల్లు 65,000, జమ 25,000, కట్టవలసినది 40,000. ఆ నాలుగవ రోజు సంగతి తేలకముందే తేడా 15,000 రూపాయలు. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కట్టేవారున్నారు. ఆ 15,000కు నెలకు 450, ఏడాదికి 5,400 వడ్డీ. చేయని ఖర్చుకు వడ్డీ కట్టడమంటే ఇదే. ఇందులో పెద్ద చదువు కావలసినది ఏదీ లేదని గమనించండి. కూడికలు, తీసివేతలు, కాగితాలు దాచుకోవడం, అంతే.

చేరిన రోజు నుండే

చివరి రోజు కౌంటరు దగ్గర కూర్చుని నాలుగు రోజుల సంగతులు గుర్తు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. అందుచేత రోగితోపాటు ఒక సంచి, ఒక నోటు పుస్తకం కూడా ఆసుపత్రికి వెళ్లాలి.

సంచిలో ప్రతి కాగితం వేయండి: అడ్వాన్సు రసీదులు, మందుల బిల్లులు, మందులు తిరిగి ఇచ్చిన చీటీలు, పరీక్షల రిపోర్టులు. ఏ డబ్బూ రసీదు లేకుండా ఇవ్వవద్దు. ఫోనులో పంపితే ఆ మెసేజి చెరిపివేయవద్దు.

నోటు పుస్తకంలో ప్రతి రోజుకు ఒక పేజీ కేటాయించండి. ఆ రోజు ఏ డాక్టరు వచ్చి చూశారు, ఏ పరీక్షకు రక్తం తీశారు, ఏ స్కానింగుకు తీసుకువెళ్లారు, గది మార్చితే ఎన్ని గంటలకు మార్చారు, ఇంతే రాయండి. ఐసీయూ నుండి వార్డుకు మార్చిన వేళ తప్పకుండా రాయండి. ఆ రోజు రెండు గదుల అద్దె పడే అవకాశం ఎక్కువ.

చేర్చేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి. "సుమారు ఎంత ఖర్చు అవుతుంది, కాగితం మీద రాసి ఇవ్వగలరా?" అన్నది మొదటిది. "ప్యాకేజీ అయితే అందులో ఏవి కలిసి ఉన్నాయి, ఏవి కలవవు?" అన్నది రెండవది. ఈ రెండవ దానికి జవాబు రాతలో ఉంటే తరువాత వచ్చే తగవుల్లో చాలా భాగం ముందే తీరిపోతుంది.

కౌంటరు దగ్గర

డిశ్చార్జికి ముందురోజు సాయంత్రమే, అప్పటివరకు అయిన బిల్లు వివరంగా ఇవ్వమని అడగండి. ఒక్క అంకె ఉన్న బిల్లు బిల్లు కాదు. ఏ తేదీన ఏ వస్తువు, ఎన్ని, ఒక్కొక్కటి ఎంత అన్నది వరుసలవారీగా ఉండాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇలా వివరమైన బిల్లు పొందడం రోగి హక్కులలో ఒకటిగా చెప్పారు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ పత్రాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. కాబట్టి మీరు అడుగుతున్నది దయ కాదు.

బిల్లు చేతికి రాగానే ఐదు చోట్ల పెన్సిలు పెట్టండి. ఒకటి, రోజుల సంఖ్య. రెండు, ఒకే తేదీన రెండుసార్లు వచ్చిన వరుసలు. మూడు, ప్యాకేజీలో ఉండి మళ్లీ విడిగా పడినవి. నాలుగు, తిరిగి ఇచ్చిన మందులు, చేయని పరీక్షలు. ఐదు, కట్టిన అడ్వాన్సులన్నీ జమ అయ్యాయా లేదా. అయితే రెండుసార్లు కనబడిన ప్రతిదీ తప్పు కాదని గుర్తుంచుకోండి. కొన్ని రక్తపరీక్షలు ఒకే రోజు ఆరు గంటలకొకసారి చేయవలసి వస్తుంది. అందుకే "ఇది తప్పు" అని కాక "ఇది అర్థం కాలేదు" అని మొదలుపెట్టాలి.

మాట తీరు ఇలా ఉండవచ్చు: "మేడమ్, ఈ బిల్లులో నాలుగు వరుసలు మాకు అర్థం కాలేదు. ఇవిగో మా కాగితాలు. ఒక్కసారి చూసి చెప్పండి." కౌంటరులో కూర్చున్న అమ్మాయి కూడా మన ఇళ్లలోని అమ్మాయిలాంటిదే, నెల జీతానికి పనిచేస్తున్నది. ఆమెకు తగ్గించే అధికారం ఉండకపోవచ్చు. బిల్లింగు మేనేజరును గాని, ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరును గాని కలుస్తామని చెప్పండి. గుంపుగా వెళ్లి కేకలు వేయడం, బల్లలు పగలగొట్టడం మన పద్ధతి కాదు. వైద్య సిబ్బందిపై, ఆసుపత్రులపై దాడిని నేరంగా పరిగణించే చట్టం మన రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. న్యాయం మన వైపు ఉన్నప్పుడు గొంతు పెంచితే న్యాయం పక్కకు పోయి గొంతే మిగులుతుంది.

డబ్బు తగవు తేలలేదన్న కారణంతో రోగిని గాని, చనిపోయినవారి భౌతికకాయాన్ని గాని ఆపి ఉంచకూడదని పైన చెప్పిన హక్కుల పత్రంలో ఉంది. ఒకవేళ వేళ మించిపోతున్నది, రోగిని ఇంటికి తీసుకువెళ్లాలి, మాట తేలలేదు అంటే, వీలైతే డబ్బు కట్టి, "ఫలానా వరుసలపై మా అభ్యంతరం ఉంచుకుని చెల్లించాము" అని కాగితం మీద రాసి, నకలు మీద వారి సంతకమో ముద్రో తీసుకోండి. కట్టినంత మాత్రాన అడిగే హక్కు పోదు. అన్నిటికంటె ముఖ్యంగా, బిల్లు తగవు కోసం వైద్యాన్ని మాత్రం ఒక్క గంట కూడా ఆపవద్దు.

తప్పు వేరు, ఎక్కువ ధర వేరు

ఒక వస్తువు రెండుసార్లు పడడం లెక్క తప్పు. ఒకసారే పడినా ధర చాలా ఎక్కువగా ఉండడం వేరే సంగతి. మందు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కంటె ఎక్కువ తీసుకోవడం 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎవరికీ కుదరదు, ఆసుపత్రిలోని షాపుకూ కుదరదు. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో మొదటిసారి గరిష్ఠ ధర నిర్ణయించారు. అప్పుడు సాధారణ స్టెంటుకు 7,260, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు, పన్నులు విడిగా. తరువాత ఆ ధరలను సవరిస్తూ వచ్చారు. స్టెంటు ధరను, కంపెనీ పేరును, బ్యాచ్ నంబరును బిల్లులో విడిగా చూపాలన్న షరతు కూడా అప్పుడే పెట్టారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా స్టెంటు వేస్తే బిల్లులో ఆ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. 2017 ఆగస్టులో మోకాలి కీళ్లకు కూడా ధర కట్టడి వచ్చింది.

అయితే సిరంజీలు, తొడుగుల వంటి చిన్న సామగ్రి మీద ముద్రించిన ధరే ఎక్కువగా ఉంటే ఏమి చేయాలి? మందుల ధరల సంస్థ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి, కొన్నిటి మీద లాభం 1,737 శాతం వరకు ఉందని ప్రకటించింది. రోగులు ఆసుపత్రి షాపులోనే మందులు కొనాలని బలవంతం చేయడంపై సుప్రీంకోర్టుకు వెళితే, 2025 మార్చిలో న్యాయస్థానం తాను ఆదేశం ఇవ్వకుండా, రాష్ట్ర ప్రభుత్వాలే తగిన విధానం చేయాలని వదిలింది. ఈ విషయంలో మన చేతిలో ఉన్నది అడగడమే: "అత్యవసరం కాని మందులు బయట కొని తెచ్చుకోవచ్చునా?" మందులు, పరీక్షలు ఎక్కడ పొందాలో ఎంచుకునే హక్కు కూడా రోగుల హక్కుల పత్రంలో ఉంది.

కరోనా కాలంలో, 2020 జూన్‌లో, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకు రోజుకు వార్డులో 4,000, ఐసీయూలో 7,500, వెంటిలేటరు మీద 9,000 అని ధరలు కట్టింది. అయినా పీపీఈ కిట్ల లెక్క పెద్ద వివాదమైంది. ఒక నర్సమ్మ ఒక కిట్టు తొడుక్కుని పదిమంది రోగులను చూస్తే, ఆ కిట్టు ఖరీదును పదిమంది బిల్లుల్లోనూ పూర్తిగా వేయవచ్చునా? చిన్నపిల్లవాడు కూడా కూడదంటాడు. నిజంగా ఖర్చయినది ఒకటి, వసూలయ్యేది పది. రెండుసార్లు వేయడంలోని అన్యాయమంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉంది.

పథకాలు, ఇన్సూరెన్సు

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది. పథకంలో ఆమోదం పొందిన చికిత్సకు ఆసుపత్రికి డబ్బు ఇచ్చేది ప్రభుత్వం. అదే చికిత్సకు మీ దగ్గర కూడా తీసుకుంటే అది ఒకే పనికి రెండు కూలీలు. "పథకం డబ్బు చాలదు, పైన కొంత ఇవ్వండి" అంటే రసీదు అడగండి, ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఉద్యోగికి చెప్పండి, 104 నంబరుకు ఫోను చేయండి.

ఇన్సూరెన్సు ఉన్నవారు మరొక పొరపాటు ఆలోచన చేస్తుంటారు: "కట్టేది కంపెనీ కదా, మనకెందుకు?" కుటుంబానికంతా కలిపి ఐదు లక్షల పాలసీ ఉందనుకోండి. ఈ నెల తప్పు లెక్కకు పోయిన పదివేలు, అదే ఏడాది అమ్మకు జబ్బు చేసినప్పుడు తక్కువపడతాయి. అందుచేత కంపెనీకి పంపేముందు బిల్లు మీరూ చూడండి. కంపెనీ ఏ వరుసలకు చెల్లించింది, ఏ వరుసలు కొట్టివేసింది అనే వివరం కూడా అడిగి తీసుకోండి. కంపెనీ చెల్లించిన దానినే మళ్లీ మీ చేత కట్టించకుండా ఉండడానికి ఆ కాగితమే ఆధారం. డిశ్చార్జి సమయంలో ఆసుపత్రి నుండి కోరిక వచ్చిన మూడు గంటలలోగా కంపెనీ తుది ఆమోదం ఇవ్వాలని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించింది. కంపెనీతో తగవు ఉంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

ఇంటికి వచ్చాక తేడా కనబడితే

అప్పుడైనా ఆలస్యం కాలేదు. ఆసుపత్రి పేర ఒక ఉత్తరం రాయండి. నమూనా ఇది:

"అయ్యా, మా తండ్రిగారు ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందారు. రోగి నంబరు ఇది. వైద్యం చేసిన డాక్టర్లకు, సిబ్బందికి మా కృతజ్ఞతలు. మాకు ఇచ్చిన బిల్లులో ఈ క్రింది వరుసలలో తేడా కనబడుచున్నది. (1) ఫలానా తేదీన రక్తపరీక్ష రెండుసార్లు వేసినారు, రిపోర్టు ఒకటే ఉన్నది. (2) ఫలానా తేదీన కట్టిన 5,000 రూపాయల అడ్వాన్సు జమ కాలేదు, రసీదు నకలు జతచేసినాము. దయచేసి వీటిని పరిశీలించి, 15 రోజులలోగా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, ఎక్కువగా తీసుకున్న సొమ్ము తిరిగి ఇప్పించగలరు."

అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని నకళ్లు మాత్రమే పంపండి. ఉత్తరాన్ని చేతికి ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి, లేదా పోస్టులో పంపి రసీదు దాచండి. కేస్ షీటు నకలు కావాలంటే రాసి ఇవ్వండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటలలోగా వైద్య రికార్డులు ఇవ్వాలి, వాటిని మూడేళ్లపాటు భద్రపరచాలి. ఏ పరీక్ష నిజంగా జరిగిందో చెప్పేది ఆ రికార్డే.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం క్రిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం ఆసుపత్రి ఏ ఊరిలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్ల గడువు మాత్రం దాటకూడదు.

త్రాసుకు రెండు పళ్లాలు

ఇంతవరకు మనకు రావలసిన దానిని గురించి చెప్పుకున్నాం. మన నుండి పోవలసినది కూడా చూడాలి. బిల్లు చదివేటప్పుడు వారు వేయడం మరచిన స్కానింగు కనబడితే ఏమి చేస్తారు? మాట్లాడకుండా వచ్చేస్తే మనం చేసినదీ అదే తప్పు. ఆఫీసులో వైద్య ఖర్చులు తిరిగి వస్తాయి గదా అని బిల్లు ఎక్కువ వేయించుకునేవారున్నారు. ఆరోగ్యం బాగానే ఉన్నా ఇన్సూరెన్సు కోసం రెండు రోజులు ఎక్కువ పడుకునేవారున్నారు. ఏడవ ఆజ్ఞ ఆసుపత్రివారికి ఒకటి, మనకు ఒకటి కాదు. తనది కాని సొమ్ము తెలిసో తెలియకో చేతికి వస్తే తిరిగి ఇవ్వవలసిందేనని చిన్నప్పుడు ఉపదేశిగారి దగ్గర మనమందరం నేర్చుకున్నాం. ఆ పాఠం కౌంటరుకు రెండు వైపులా ఉన్నవారికీ వర్తిస్తుంది.

మన మఠకన్యలు నడిపే ఆసుపత్రులకు వెళ్లేవారు కొందరు, "సిస్టరుగారిని లెక్క అడగడం పాపమేమో" అని నాతో అన్నారు. పాపం కాదు. అక్కడ కూడా అదే కంప్యూటరు, అదే డ్యూటీ మార్పు, అవే తప్పులు. మర్యాదగా చూపితే వారు సంతోషిస్తారు, ఎందుకంటే అదే తప్పు మీ తరువాత వచ్చే మరొక బీదవాని బిల్లులో పడకుండా సరిచేసుకోగలుగుతారు. తప్పు చూపడం కూడా ఒక సేవే.

విచారణలో మనం చేయగలిగినది

బిల్లు చదవలేని కుటుంబం ప్రతి వీధిలోనూ ఉంది. చదవగలిగిన యువతీయువకులు కూడా ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈ ఇద్దరినీ కలపడమే మిగిలిన పని. ఎవరైనా ఆసుపత్రిలో చేరారని తెలిసినప్పుడు పండ్లు, బ్రెడ్డు పట్టుకుని చూడడానికి వెళతాం. మంచిదే. ఈసారి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను కూడా తీసుకువెళ్లండి. మొదటి పేజీలో తేదీ వేసి, ఎలా రాసుకోవాలో చూపించండి. డిశ్చార్జి రోజున లెక్కలు వచ్చిన ఒక బిడ్డ ఆ కుటుంబం పక్కన అరగంట కూర్చుంటే చాలు. విన్సెంట్ డి పాల్ సభవారు వైద్యానికి సహాయం చేసేముందు బిల్లు వరుసలవారీగా చూడడం అలవాటు చేసుకుంటే, దాతలిచ్చిన రూపాయి కూడా వృథా కాకుండా ఉంటుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడం తప్పు కాదు, అడిగే తీరులోనే మన సంస్కారం ఉంది. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మీ ఇంట్లో ఉన్న పాత ఆసుపత్రి బిల్లు ఒకటి తీసి చదవండి. ఇంగ్లీషు చదివే మనుమరాలు చదివితే తాతయ్య వినవచ్చు. ఆ ఐదు చోట్ల పెన్సిలు పెట్టి చూడండి. తేడా ఏమీ లేకపోతే ఆ ఆసుపత్రిని మరింత నమ్మండి, నలుగురికీ చెప్పండి. తేడా ఉండి, రెండేళ్ల గడువు ఇంకా దాటకపోతే, పైన చెప్పిన ఉత్తరం రాయండి.